ఆఫీసు మెయిల్‌కు ఏ ఫోన్ కొనాలి: ఐఫోనా, ఆండ్రాయిడా?

రాణిగంజ్ పంపులు | శనివారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మాది రాణిగంజ్‌లో పంపులు, మోటార్లు, వాల్వుల డీలర్‌షిప్. జీడిమెట్ల, పాశమైలారం, చర్లపల్లి ఫ్యాక్టరీల నుంచి ఎంక్వైరీలు వస్తుంటాయి. ఎంత వాట్సాప్‌లో మాట్లాడుకున్నా కొటేషన్, పర్చేజ్ ఆర్డర్ మాత్రం మెయిల్‌లోనే ఉండాలంటారు అక్కడి పర్చేజ్ వాళ్లు. మాకు సొంత డొమైన్ మీద మెయిల్ ఉంది. వెబ్‌సైట్ హోస్టింగ్ తీసుకున్నప్పుడు దానితో పాటే ఇచ్చారు.

సమస్య ఏంటంటే, బయట తిరిగే మా సేల్స్ కుర్రాళ్లకు మెయిల్ వచ్చిన సంగతి ఆలస్యంగా తెలుస్తోంది. పొద్దున పదకొండింటికి వచ్చిన ఎంక్వైరీని ఒకతను భోజనం చేశాక చూశాడు. ఆలోపు ఇంకో డీలర్ రేటు పంపేశాడు, ఆర్డర్ అటు పోయింది. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయికి మాత్రం అదే మెయిల్ వెంటనే కనిపించింది.

మా వాళ్ల దగ్గర రకరకాల ఫోన్లు ఉన్నాయి. అందరికీ ఒకే రకం కొనిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. వాడు ఐఫోన్ అంటాడు, నేను ఆండ్రాయిడ్ అంటాను. కెమెరా, గేమ్స్ మాకు అక్కర్లేదు. మెయిల్ ఒక్కటే చూస్తే ఏది మంచిది? డబ్బు పెట్టే ముందు తెలిసినవాళ్లను అడుగుదామని రాస్తున్నాను.

అబిడ్స్ సర్వీస్ | శనివారం, ఉదయం 10:48

సార్, ఐఫోన్ తీసుకోండి. పాత మోడల్ అయినా ఏళ్ల తరబడి అప్‌డేట్లు వస్తాయి, మళ్లీ అమ్మితే మంచి రేటు వస్తుంది. జగదీశ్ మార్కెట్‌లో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు.

కూకట్‌పల్లి కోడర్ | శనివారం, ఉదయం 11:05

మెయిల్ కోసం అంత డబ్బు ఎందుకన్నా? జీమెయిల్ గూగుల్‌ది, ఆండ్రాయిడ్ గూగుల్‌ది. ఒకే ఇంటివాళ్లు. మెయిల్ సెకన్లలో వచ్చేస్తుంది. ఒక ఐఫోన్ డబ్బుతో ముగ్గురికి మంచి ఆండ్రాయిడ్ ఫోన్లు వస్తాయి.

సర్వర్ రూమ్ | శనివారం, మధ్యాహ్నం 12:30

రాణిగంజ్ సార్, ఫోన్ కొనే ముందు ఒక్క విషయం చూడండి. మీ మెయిల్ ఏ సర్వర్‌లో ఉంది, దాన్ని ఫోన్‌లో ఏ యాప్ చదువుతోంది? పైన ఇద్దరూ ఫోన్ గురించి చెప్పారు, కానీ ఆలస్యం ఒక్క ఫోన్ వల్లే రాదు. నేను మాదాపూర్‌లో మెయిల్ సర్వర్లు చూసుకునే పనిలో చాలా కాలం నుంచి ఉన్నాను. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ జత కుదరకపోవడం వల్లే వస్తాయి.

ఫోన్‌కు మెయిల్ రెండు రకాలుగా చేరుతుంది. ఒకటి పుష్: మెయిల్ రాగానే సర్వరే ఫోన్‌కు కబురు పంపుతుంది. రెండోది ఫెచ్: ఫోనే అప్పుడప్పుడూ వెళ్లి ‘ఏమైనా వచ్చిందా’ అని అడుగుతుంది. మీ హోస్టింగ్ మెయిల్ ఐమ్యాప్ పద్ధతిలో నడుస్తుంది, అంటే మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, ఫోన్, కంప్యూటర్ అక్కడి నుంచి చదువుతాయి. ఐమ్యాప్‌లో కూడా వెంటనే కబురు చెప్పే ఏర్పాటు 1997 నుంచి ఉంది, దాన్ని ఐడిల్ అంటారు. ఫోన్ సర్వర్‌తో కనెక్షన్ తెరిచే ఉంచుతుంది, మెయిల్ రాగానే సర్వర్ చెబుతుంది. అయితే కనెక్షన్ అలా తెరిచి ఉంచితే బ్యాటరీ ఖర్చవుతుంది, టవర్ మారినప్పుడల్లా తెగుతుంది. అందుకే చాలా ఫోన్ యాప్‌లు దాని జోలికి పోవు.

ఐఫోన్‌తో వచ్చే మెయిల్ యాప్ ఐడిల్‌ను వాడదు. ఐక్లౌడ్ ఖాతాలకు, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీసు మెయిల్ సర్వర్ అయిన ఎక్స్ఛేంజ్ ఖాతాలకు అందులో పుష్ ఉంది. మీ హోస్టింగ్ ఖాతాకు, మామూలు జీమెయిల్ ఖాతాకు ఫెచ్ మాత్రమే. పదిహేను నిమిషాలు, అరగంట, గంట, లేదంటే మనమే తెరిచి చూసుకోవడం. వీటితో పాటు ‘ఆటోమేటికల్లీ’ అని ఇంకోటి ఉంటుంది. పేరు చూస్తే అన్నీ అదే చూసుకుంటుందనిపిస్తుంది. కానీ దాని నియమం వేరు: ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి, వైఫైలో కూడా ఉన్నప్పుడే వెనకాల మెయిల్ తెస్తుంది. బండి మీద జీడిమెట్ల తిరిగే మనిషికి పగలంతా ఆ రెండూ ఉండవు. బ్యాటరీ తగ్గి లో పవర్ మోడ్ పెట్టుకుంటే ఆ ఫెచ్ కూడా ఆగిపోతుంది.

ఇక ఆండ్రాయిడ్. అక్కడి జీమెయిల్ యాప్‌లో జీమెయిల్ ఖాతాకు పుష్ ఉంది, వెంటనే వస్తుంది. అదే యాప్‌లో మీ డొమైన్ ఖాతాను ఐమ్యాప్‌గా చేర్చితే మాత్రం అది కూడా పదిహేను నిమిషాలకోసారి చూడటమే. ఆండ్రాయిడ్ 6తో 2015లో డోజ్ అనే ఏర్పాటు వచ్చింది. ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆరిపోయి ఉంటే యాప్‌లు వెనకాల చేసే పనిని అది వాయిదా వేస్తుంది. అప్పుడు పదిహేను నిమిషాలు అనుకున్నది ఇంకా సాగుతుంది. కొన్ని బ్రాండ్లు దీని మీద తమ సొంత బ్యాటరీ పొదుపును కూడా పెడతాయి.

కాబట్టి ఇప్పుడున్న సర్వర్, ఈ యాప్‌లతో ఏ ఫోన్ కొన్నా మీ ఇబ్బంది పోదు. మీ వాళ్లు ఏ యాప్‌లో చూస్తున్నారో చెప్పండి.

పాత బెర్రీ | శనివారం, మధ్యాహ్నం 1:15

సర్వర్ రూమ్ గారు చెప్పిన పుష్ అనే మాట వింటే నాకు బ్లాక్‌బెర్రీ గుర్తొచ్చింది. ఫార్మా ఎక్స్‌పోర్ట్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. మన దేశంలో ఎయిర్‌టెల్ బ్లాక్‌బెర్రీని 2004లో తెచ్చింది. కంపెనీలో బ్లాక్‌బెర్రీ సర్వర్ ఒకటి ఉండేది. మెయిల్ రాగానే అది బ్లాక్‌బెర్రీని తయారుచేసే కెనడా కంపెనీ నెట్‌వర్క్ గుండా నేరుగా చేతిలోకి వచ్చేది. ఎర్ర లైటు మిణుకుమంటే అమెరికా నుంచి ఏదో వచ్చిందని అర్థం. 2జీ నెట్‌వర్క్ మీద అంత చురుగ్గా పనిచేయడానికి కారణం, మెయిల్‌ను కుదించి చిన్నదిగా చేసి పంపడం. అటాచ్‌మెంట్ మొత్తం ఫోన్‌కు దిగేది కాదు, చూడటానికి కావలసినంత వరకే వచ్చేది.

మధ్యలో ఎవరూ చదవలేని భద్రత కూడా దానికి ఉండేది, దాని వల్లే గొడవ కూడా అయింది. సందేశాలు చూసే వీలు కల్పించాలని 2008 నుంచి మన ప్రభుత్వం అడుగుతూ వచ్చింది, 2010లో సేవలు ఆపేస్తామనేదాకా వెళ్లింది. చివరికి 2022 జనవరి 4న పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లకు సేవలు ఆగిపోయాయి.

ఇప్పటి ఫోన్లలో అంత శక్తి ఉండి కూడా మెయిల్ ఆలస్యం కావడం నాకు బాధగా ఉంటుంది. అప్పట్లో ఫోన్, సర్వర్, నెట్‌వర్క్ మూడూ మెయిల్ కోసమే ఒకరు కట్టినవి. ఇప్పుడు మూడూ ముగ్గురివి.

రాణిగంజ్ పంపులు | శనివారం, సాయంత్రం 6:40

సర్వర్ రూమ్ గారూ, చాలా ఓపిగ్గా చెప్పారు, ధన్యవాదాలు. కుర్రాళ్లను కూర్చోబెట్టి చూశాం. ఐఫోన్ ఉన్న ఇద్దరూ ఫోన్‌తో వచ్చిన మెయిల్ యాప్‌లోనే చూస్తున్నారు, సెట్టింగ్ మీరన్నట్టు ఆటోమేటికల్లీ అనే ఉంది. మిగతా వాళ్లు ఆండ్రాయిడ్‌లో జీమెయిల్ యాప్‌లో మా డొమైన్ ఖాతా చేర్చుకున్నారు. ఒకరి ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఐఫోన్‌లో దాన్ని పదిహేను నిమిషాలకు మార్చాం. ఇంతకన్నా వెంటనే రావాలంటే ఏం చేయాలి?

సర్వర్ రూమ్ | శనివారం, రాత్రి 8:10

రెండు దారులున్నాయి సార్. సర్వర్ అలాగే ఉంచి యాప్ మార్చడం ఒకటి, మెయిల్‌నే పుష్ ఉన్న చోటికి మార్చడం ఇంకోటి.

యాప్ మార్చే దారిలో రెండు ఫోన్లలోనూ పనిచేసేది అవుట్‌లుక్. మైక్రోసాఫ్ట్ 2014 చివర్లో అకాంప్లి అనే కంపెనీని కొని, 2015 జనవరిలో దాన్నే అవుట్‌లుక్ మొబైల్ యాప్‌గా తెచ్చింది. దీని పద్ధతి వేరు. మీ ఐమ్యాప్ మెయిల్‌ను మైక్రోసాఫ్ట్ క్లౌడ్ తెచ్చుకుంటుంది, అక్కడి నుంచి ఫోన్‌కు కబురు వస్తుంది. ఫోన్ సర్వర్ దగ్గరికి పరిగెత్తాల్సిన పని ఉండదు.

ఆండ్రాయిడ్‌లో ఇంకో మంచి దారి ఉంది. ఒకప్పటి కె-9 మెయిల్ 2022లో థండర్‌బర్డ్ వాళ్లతో కలిసింది, 2024 అక్టోబరులో థండర్‌బర్డ్ పేరుతో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. అది ఐడిల్‌ను వాడుతుంది, మధ్యలో ఎవరి క్లౌడూ ఉండదు. అయితే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ దగ్గరికెళ్లి ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ అని పెట్టాలి. కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ అనే అనుమతి కూడా వేరుగా ఉంటుంది, అదీ ఇవ్వాలి. ఇవ్వకపోతే కాసేపటికి ఫోన్ దాన్ని ఆపేస్తుంది.

బర్కత్‌పురా ఆడిటర్ | శనివారం, రాత్రి 9:25

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సర్వర్ రూమ్ గారు చెప్పినది సాంకేతికంగా సరైనదే, కానీ మధ్యలో ఇంకొకరి క్లౌడ్ అంటే మీ మెయిల్ పాస్‌వర్డ్, మీ ఉత్తరాలు వాళ్ల దగ్గర కూడా ఉంటాయి. పంపుల కొటేషన్‌కు పరవాలేదేమో. నా దగ్గర క్లయింట్ల పాన్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఫారం 16లు ఉంటాయి. క్లయింటు నన్ను నమ్మి ఇచ్చిన కాగితం ఎన్ని చేతులు మారుతోందో నాకు తెలిసి ఉండాలి. 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. మా ఆఫీసులో నేరుగా సర్వర్‌తో మాట్లాడే యాప్‌లే వాడతాం. పదిహేను నిమిషాలు ఆలస్యమైనా సరే.

గోప్యత గురించి వచ్చింది కాబట్టి ఇంకోటి. మనకొచ్చే ప్రకటనల మెయిళ్లలో కంటికి కనిపించని చిన్న బొమ్మ పెడతారు. మెయిల్ తెరవగానే అది సర్వర్‌కు వెళ్లి మనం ఎప్పుడు చదివామో చెప్పేస్తుంది. ఐఫోన్ మెయిల్ యాప్‌లో 2021లో ఐఓఎస్ 15తో దీనికి అడ్డుకట్ట వచ్చింది. అది బొమ్మల్ని ముందే వేరే దారిలో దించేస్తుంది, కాబట్టి పంపినవాడికి మన సంగతి తెలియదు. జీమెయిల్ కూడా 2013 చివరి నుంచి బొమ్మల్ని తన సర్వర్ ద్వారానే చూపిస్తుంది. మన ఐపీ అడ్రస్ దాగుతుంది కానీ తెరిచిన సంగతి తెలిసే అవకాశం ఉంటుంది. ఈ విషయంలో ఐఫోన్ ఒక మెట్టు పైనే ఉందని నా అభిప్రాయం.

కూకట్‌పల్లి కోడర్ | శనివారం, రాత్రి 9:50

ఆడిటర్ గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ చిన్న వ్యాపారానికి ఆర్డర్ పోవడం కూడా నష్టమే కదా. ఆయన అడిగింది వేగం గురించి. అవుట్‌లుక్ తెచ్చిన మైక్రోసాఫ్ట్ నిన్న మొన్న పుట్టింది కాదు, గచ్చిబౌలిలో అంత పెద్ద క్యాంపస్ ఉంది.

బర్కత్‌పురా ఆడిటర్ | శనివారం, రాత్రి 10:05

క్యాంపస్ మన ఊళ్లో ఉన్నంత మాత్రాన డేటా మన ఊళ్లో ఉండదు బాబూ. నేను ఆ కంపెనీని తప్పుపట్టడం లేదు. ఎక్కడ దాస్తున్నారో తెలుసుకుని, ఒప్పుకుని వాడాలంటున్నాను.

ఓయూ ఫైనలియర్ | ఆదివారం, ఉదయం 8:30

వ్యాపారం కాదు కానీ నాదీ మెయిల్ టెన్షనే. మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఎమ్మెస్‌కు అమెరికాలో అప్లై చేశాను. అడ్మిట్, వీసాకు కావలసిన ఐ-20 పత్రం అన్నీ మెయిల్‌లోనో యూనివర్సిటీ పోర్టల్‌లోనో వస్తాయి. వాళ్ల పగలు మనకు రాత్రి. నిద్రపోయే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి చూస్తున్నాను. నాది జీమెయిలే, యాప్ కూడా జీమెయిలే. అయినా కొన్ని మెయిళ్లకు నోటిఫికేషన్ రాదు. లోపలికి వెళ్లి చూస్తే ఉంటాయి. అక్క పెళ్లికి వెళ్లినప్పుడు డాక్యుమెంట్ అడిగిన మెయిల్ ఒకటి అలాగే కనపడకుండా ఉండిపోయింది. ఇదెందుకు?

సర్వర్ రూమ్ | ఆదివారం, ఉదయం 9:15

తమ్ముడూ, మెయిల్ రావడం వేరు, ఫోన్ మనకు చెప్పడం వేరు. నీకు మెయిల్ వచ్చింది, యాప్ చెప్పలేదు.

జీమెయిల్ మెయిళ్లను ప్రైమరీ, ప్రమోషన్స్, అప్‌డేట్స్ అని విడగొడుతుంది. యూనివర్సిటీలు గుంపుగా పంపే మెయిళ్లు చాలాసార్లు అప్‌డేట్స్‌లోనో ప్రమోషన్స్‌లోనో పడతాయి. ఐఫోన్‌లో జీమెయిల్ యాప్ సెట్టింగ్స్‌కు వెళ్తే ‘అన్ని కొత్త మెయిళ్లు’, ‘ప్రైమరీ మాత్రమే’, ‘ముఖ్యమైనవి మాత్రమే’, ‘ఏదీ వద్దు’ అని ఉంటాయి. ఇప్పటికి మొదటిది పెట్టుకో. ఆండ్రాయిడ్‌లో అయితే నోటిఫికేషన్లు ‘ఆల్’ అని పెట్టాక, ఏ లేబుల్‌కు చప్పుడు రావాలో లోపల వేరుగా ఎంచుకోవాలి. అక్కడే ‘ప్రతి మెయిల్‌కూ తెలియజేయి’ అని ఒక టిక్కు ఉంటుంది, అది లేకపోతే వరసగా వచ్చిన వాటిలో మొదటిదానికే మోగుతుంది.

ఇంకో మంచి పని చెయ్. యూనివర్సిటీ డొమైన్‌కు ఒక ఫిల్టర్ పెట్టు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ డొమైన్ నుంచి వచ్చేవన్నీ స్పామ్‌కు వెళ్లకూడదు, ప్రైమరీలోనే ఉండాలి, ‘ఐ-20’ అనే లేబుల్ పడాలి అని పెట్టు. ఆండ్రాయిడ్‌లో ఆ లేబుల్‌కే వేరే రింగ్ పెట్టుకోవచ్చు. ఫిల్టర్ సర్వర్‌లో ఉంటుంది కాబట్టి ఫోన్ మార్చినా పనిచేస్తుంది. స్పామ్ మాత్రం రోజూ చూసుకో, అక్కడ పడినవి ముప్పై రోజులకు చెరిగిపోతాయి.

నల్లకుంట అక్క | ఆదివారం, ఉదయం 10:00

తమ్ముడూ, మా అమ్మాయి వెళ్లినప్పుడు మేమూ ఇలాగే మేలుకుని చూశాం. ఒకటి గుర్తుంచుకో: ఆ జీమెయిల్‌కు రికవరీ నంబరుగా నువ్వు అమెరికా వెళ్లాక కూడా పనిచేసే నంబరు పెట్టుకో. ఇక్కడి సిమ్ ఆపేస్తే ఓటీపీ రాక మెయిలే తెరుచుకోదు. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి ఇంట్లో అమ్మ దగ్గర పెట్టి వెళ్లు.

ఓయూ ఫైనలియర్ | ఆదివారం, ఉదయం 10:20

థ్యాంక్యూ అన్నా, థ్యాంక్యూ అక్కా. నా ఫోన్‌లో ‘ముఖ్యమైనవి మాత్రమే’ అని ఉంది, ఇప్పుడే మార్చాను. ఫిల్టర్ కూడా పెట్టుకుంటాను.

నానక్‌రామ్‌గూడ షిఫ్ట్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

కంపెనీ మెయిల్‌ను సొంత ఫోన్‌లో పెట్టుకునేవాళ్ల కోసం ఒక ముఖ్యమైన సంగతి రాస్తున్నాను. ఇది తెలియక ఇబ్బంది పడినవాళ్లను చూశాను.

ఐఫోన్ మెయిల్ యాప్‌లో ఎక్స్ఛేంజ్ ఖాతాగా ఆఫీసు మెయిల్ పెట్టుకుంటే, మీరు ఉద్యోగం మానేసినప్పుడో ఫోన్ పోయినప్పుడో కంపెనీ అడ్మిన్ రిమోట్ వైప్ ఆదేశం ఇవ్వగలరు. అది మొత్తం ఫోన్‌నే చెరిపేయగలదు. పిల్లల ఫొటోలు, అమ్మ వాయిస్ మెసేజ్‌లు అన్నీ పోతాయి. అదే అవుట్‌లుక్ యాప్‌లో పెట్టుకుంటే ఆ యాప్‌లోని మెయిల్ వరకే పోతుంది. ఆండ్రాయిడ్‌లో ఇంకా శుభ్రమైన ఏర్పాటు ఉంది, వర్క్ ప్రొఫైల్ అంటారు. ఆఫీసు యాప్‌లకు చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. ఆ సగం ఆఫీసుది, మిగతా సగం మనది. కంపెనీ చెరిపినా ఆ సగమే పోతుంది. శుక్రవారం సాయంత్రం ఒక్క బటన్‌తో ఆఫీసు సగాన్ని పడుకోబెట్టొచ్చు, సోమవారం దాకా ఒక్క మెయిలూ మోగదు. నాకు ఆండ్రాయిడ్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే. నైట్ షిఫ్ట్ చేసి ఇంటికొచ్చి పిల్లతో కూర్చున్నప్పుడు ఫోన్ మోగకపోవడం ఎంత విలువైనదో చేసినవాళ్లకే తెలుస్తుంది.

రాణిగంజ్ సార్, మీరు ఫోన్లు కొనిస్తున్నారు కాబట్టి ఇది మీకూ వర్తిస్తుంది. కుర్రాడు మానేసి వెళ్లిపోతే మీ కస్టమర్ల మెయిళ్లు అతని ఫోన్‌లో మిగలకుండా ఉండే దారి మొదటి రోజే చూసుకోండి.

పాత బెర్రీ | ఆదివారం, సాయంత్రం 5:30

తెలుగులో మెయిల్ రాసేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? నేను ఊళ్లో ఉన్న తమ్ముడికి తెలుగులోనే రాస్తాను. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లో ఒక తెలుగు అక్షరం కనిపిస్తే చాలు, యాప్ మూతపడేది. ‘జ్ఞా’ లాంటి కూర్పు అది. మెసేజ్‌లలోనే కాదు, మెయిల్ యాప్‌లలో కూడా. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. ఇప్పుడెలా ఉంది?

అబిడ్స్ సర్వీస్ | ఆదివారం, సాయంత్రం 6:15

ఇప్పుడు రెండిట్లోనూ ఏ ఇబ్బందీ లేదు సార్. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డ్ జీబోర్డ్ పెట్టుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినా తెలుగు వస్తుంది, మాట్లాడినా టైప్ అవుతుంది. పెద్దవాళ్లకు నేను అదే పెట్టి ఇస్తాను. ఐఫోన్‌లోనూ తెలుగు కీబోర్డ్ ఉంది, జీబోర్డ్ కూడా వేసుకోవచ్చు.

రాణిగంజ్ పంపులు | సోమవారం, రాత్రి 9:00

ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఫోన్లు ఇప్పుడు కొనడం లేదు. మెయిల్‌నే మంచి చోటికి మార్చుదామని నిర్ణయించాం. నానక్‌రామ్‌గూడ గారు చెప్పింది చదివాక మా అబ్బాయి కూడా ఒప్పుకున్నాడు. ఇప్పుడు ప్రశ్న, ఎక్కడికి? గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, జోహో అని మూడు పేర్లు చెబుతున్నారు. ఇంకో ఇబ్బంది: పంపుల డ్రాయింగ్‌లు, క్యాటలాగ్ పీడీఎఫ్‌లు పెద్దవి. ఫోన్ నుంచి పంపితే కొన్నిసార్లు తిరిగొచ్చేస్తున్నాయి.

సర్వర్ రూమ్ | సోమవారం, రాత్రి 10:20

సార్, మంచి నిర్ణయం.

మూడూ పనికొస్తాయి. మీ వాళ్లలో ఎక్కువ మంది ఆండ్రాయిడ్ కాబట్టి వర్క్‌స్పేస్ అయితే వాళ్లు వాడే జీమెయిల్ యాప్‌లోనే పుష్ వచ్చేస్తుంది. ఐఫోన్ వాళ్లు మాత్రం ఫోన్‌తో వచ్చిన మెయిల్ యాప్ వదిలి జీమెయిల్ యాప్ వేసుకోవాలి. ఐఫోన్ మెయిల్‌లో జీమెయిల్‌కు పుష్ ఎందుకు లేదని చాలామంది అడుగుతారు. ఒకప్పుడు ఎక్స్ఛేంజ్ పద్ధతిలో పెట్టుకుంటే వచ్చేది. ఉచిత జీమెయిల్ ఖాతాలను కొత్తగా అలా కలిపే వీలును గూగుల్ 2013 జనవరి 30 నుంచి ఆపేసింది. ఐఓఎస్ 14 నుంచి జీమెయిల్‌నో అవుట్‌లుక్‌నో డిఫాల్ట్ మెయిల్ యాప్‌గా పెట్టుకోవచ్చు, కాబట్టి ఇబ్బందేమీ లేదు.

ఎక్సెల్, వర్డ్ ఎక్కువగా వాడితే మైక్రోసాఫ్ట్ 365 చూడండి. ఆ మెయిల్ ఐఫోన్ మెయిల్ యాప్‌లోనూ, ఆండ్రాయిడ్ జీమెయిల్ యాప్‌లోనూ, అవుట్‌లుక్‌లోనూ పుష్‌తోనే వస్తుంది. రకరకాల ఫోన్లున్న ఆఫీసుకు ఇదే అన్నిటికన్నా సులువుగా కుదురుతుందని నా అనుభవం. జోహో చెన్నై కంపెనీ, ఖర్చు తక్కువ, సొంత యాప్ బాగుంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్ కూడా ఇప్పుడు జోహో వేదిక మీదే నడుస్తోంది. దాని ఉచిత ప్లాన్‌లో ఐమ్యాప్ ఉండదు, వాళ్ల యాప్, వెబ్‌సైట్ మాత్రమే. మీ ఆఫీసు అమ్మాయి కంప్యూటర్‌లో వేరే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే డబ్బు కట్టే ప్లానే తీసుకోవాలి.

అటాచ్‌మెంట్ సంగతి. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. కానీ మెయిల్‌లో ఫైలు వెళ్లేటప్పుడు దాన్ని అక్షరాలుగా మార్చి పంపుతారు, అప్పుడు సైజు మూడో వంతు దాకా పెరుగుతుంది. అందుకే 20 ఎంబీ డ్రాయింగ్ కూడా పరిమితి దాటి తిరిగొస్తుంది. మీ వైపు సరిపోయినా అవతలి ఫ్యాక్టరీ సర్వర్ పరిమితి 10 ఎంబీ ఉంటే అక్కడ ఆగుతుంది. పెద్ద ఫైళ్లను డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టి లింకు పంపండి. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఉంటే మెయిల్ డ్రాప్ ద్వారా 5 జీబీ దాకా పంపొచ్చు, ఆ లింకు ముప్పై రోజులు ఉంటుంది. ఆర్డర్‌కు సంబంధించిన డ్రాయింగ్‌కు ముప్పై రోజుల లింకు వద్దు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ అడుగుతారు.

బర్కత్‌పురా ఆడిటర్ | సోమవారం, రాత్రి 10:45

నా సలహా ఒకటి చేర్చుకోండి. ముగ్గురిలో ఎవర్ని ఎంచుకున్నా, సేల్స్ అనే ఒక్క ఖాతా పాస్‌వర్డ్‌ను అందరికీ ఇచ్చే అలవాటు ఉంటే మానండి. ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా, ఎంక్వైరీల కోసం అందరికీ చేరే ఒక గ్రూపు అడ్రస్. అప్పుడు ఎవరు జవాబిచ్చారో తెలుస్తుంది, ఎవరైనా మానేస్తే ఆ ఒక్క ఖాతా ఆపితే సరిపోతుంది. రెండంచెల లాగిన్ మొదటి రోజే పెట్టండి. నకిలీ బ్యాంకు నంబర్లతో ఇన్‌వాయిస్ పంపి మోసం చేసేవాళ్లు మెయిల్‌లోంచే చొరబడతారు.

మీకు వెంటనే మెయిల్ రావాలన్న అవసరం ఉంది, దానికి డబ్బు కట్టి తీసుకోవడమే సరైన పద్ధతి. మొన్న నేను అభ్యంతరం చెప్పింది పాస్‌వర్డ్ మూడో చేతికి ఇవ్వడం గురించి. ఇక్కడ మూడో చేయి లేదు.

రాణిగంజ్ పంపులు | మంగళవారం, ఉదయం 7:50

అర్థమైంది. మైక్రోసాఫ్ట్ 365 వైపే మొగ్గుతున్నాం, మా ఆఫీసంతా ఎక్సెల్ మీదే నడుస్తుంది. మార్చేటప్పుడు మధ్యలో మెయిళ్లు పోతాయేమోనని భయం. ఆర్డర్లు వచ్చే సీజన్ ఇది.

సర్వర్ రూమ్ | మంగళవారం, ఉదయం 9:05

పోవు సార్, వరస తప్పకుండా చేస్తే. ముందు కొత్త చోట ఖాతాలన్నీ తయారు చేయండి, పాత మెయిల్‌ను ఐమ్యాప్ ద్వారా అక్కడికి కాపీ చేయించండి. డొమైన్ సెట్టింగ్స్‌లో ఎమ్‌ఎక్స్ రికార్డు అని ఉంటుంది, మెయిల్ ఎక్కడికి వెళ్లాలో ప్రపంచానికి చెప్పేది అదే. ఆ రికార్డును మిగతా సర్వర్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే టీటీఎల్ విలువను ఒకటి రెండు రోజుల ముందే తగ్గించండి, అప్పుడు మార్పు త్వరగా అందరికీ చేరుతుంది. శనివారం సాయంత్రం షాపు కట్టేశాక ఎమ్‌ఎక్స్ మార్చండి. ఆ రాత్రి కొన్ని మెయిళ్లు పాత చోటికి, కొన్ని కొత్త చోటికి వెళ్లొచ్చు, ఆదివారం రెండూ చూసుకోవాలి.

అదే రోజు ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్ రికార్డులు కూడా పెట్టాలి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని అవతలి సర్వర్‌కు చూపేవి ఇవి. ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైన్‌కు ఒక్కటే ఉండాలి, పాతదాని పక్కన రెండోది చేరిస్తే రెండూ చెల్లవు. ఇవి సరిగ్గా లేకపోతే మీ కొటేషన్లు అవతలివాళ్ల స్పామ్‌లో పడతాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ దీని మీద గట్టిగా ఉంది, జీమెయిల్‌కు పంపే ప్రతి డొమైన్‌కూ వీటిలో కనీసం ఒకటి ఉండాలి. మీరు రెండూ పెట్టండి.

ఫోన్లలో పాత ఖాతాను తీసేసి కొత్తది చేర్చండి, రెండూ ఉంచితే కుర్రాళ్లు పాతదాంట్లోంచి జవాబిస్తారు. నానక్‌రామ్‌గూడ గారు చెప్పినట్టు అందరికీ అవుట్‌లుక్ యాప్‌లోనే పెట్టించండి. ఆండ్రాయిడ్ వాళ్లకు బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్. ఐఫోన్ వాళ్లకు నోటిఫికేషన్ల షెడ్యూల్డ్ సమ్మరీలో అవుట్‌లుక్ ఉందేమో చూడండి, ఉంటే మెయిల్ కబుర్లు గుంపుగా సాయంత్రానికి వస్తాయి. ఫోకస్ మోడ్‌లో కూడా దానికి అనుమతి ఇవ్వండి. పాత హోస్టింగ్ మెయిల్‌ను కనీసం ఒక నెల మూసేయకండి.

శనివారం సాయంత్రం నేను ఖాళీగానే ఉంటాను. ఎక్కడైనా ఆగితే ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.

నానక్‌రామ్‌గూడ షిఫ్ట్ | మంగళవారం, ఉదయం 9:30

ఒక్కటి మర్చిపోయారు. జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్, బ్యాంకు పోర్టళ్లకు ఇచ్చిన మెయిల్ అడ్రస్ ఇదే డొమైన్‌ది అయితే, మార్చిన వెంటనే వాటి నుంచి ఒక ఓటీపీ తెప్పించుకుని చూడండి. సోమవారం పొద్దున రిటర్న్ వేసే తొందరలో తెలిస్తే కష్టం.

రాణిగంజ్ పంపులు | మంగళవారం, ఉదయం 10:10

రాసుకున్నాను. శనివారం రాత్రి ఎనిమిదింటికి మొదలుపెడతాం. అప్పటిదాకా కుర్రాళ్లను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం యాప్ తెరిచి చూసుకోమన్నాను. ఎంక్వైరీ రాగానే ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి చెబుతోంది. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.